కరెంటు రందా, చేతి రందా: ఏది కొనాలి, ఏది కొన్నందుకు చింతించాలి?

నేను కొన్న వడ్రంగి పనిముట్లలో అన్నిటికంటే ముందుగా అటకెక్కింది కలపను పొరలుగా చెక్కే కరెంటు రందా. హైదరాబాదులో మేముండే ఇంట్లో పడకగది తలుపు అసలు కలపతో చేసినది. వానాకాలం రాగానే ఉబ్బి ద్వారబంధానికి పట్టేసేది. వడ్రంగిని పిలిస్తే అరగంటలో తేలిపోయే ఆ పని కోసం నేను రాణీగంజ్ దాకా వెళ్లి, 82 మిల్లీమీటర్ల బ్లేడున్న యంత్రాన్ని కొని తెచ్చాను. నాలుగుసార్లు నడిపేసరికి తలుపు హాయిగా మూసుకుంది గాని, యంత్రం అంచు మీదికి ఎక్కిన చోటా దిగిన చోటా మిగతా భాగం కంటే లోతుగా కోసుకుపోయి రెండు కొసల్లోనూ గుంటలు పడ్డాయి. అంతకంటే పెద్ద తప్పు ఎండాకాలంలో బయటపడింది. కలప పొడవునా దాదాపు మారదు, అడ్డంగానే తేమకు పెరిగి ఎండకు తరుగుతుంది. కాబట్టి బాగా ఉబ్బి ఉన్న రోజుల్లో నేను ధారాళంగా చెక్కేసిన తలుపుకూ ద్వారబంధానికీ మధ్య, ఏప్రిల్ నాటికి వేలు దూరేంత సందు మిగిలింది.

కోస్తాలో చిత్రిక, తెలంగాణలో రందా అని పిలిచే చేతి పనిముట్టుతో ఇదే పని చేసివుంటే ఇంత నష్టం జరిగేది కాదని ఇప్పుడు తెలుసు. నిమిషానికి సుమారు 16,000 చుట్లు తిరిగే యంత్రం ఒక్క నడకలో మిల్లీమీటరు లోతు కోసినా చేతికి ఆ సంగతి తెలియదు. చేతి రందా ఒక్కో తోపుకు కాగితమంత పొరను తీస్తుంది గనుక, నాలుగు తోపులకోసారి తలుపు మూసి చూసుకుంటూ ఎక్కడ ఆపాలో అక్కడ ఆపవచ్చు. అపార్ట్‌మెంటులో ఉండేవారికి మరో లెక్క ఉంది: ఆదివారం మధ్యాహ్నం యంత్రం మోత మొదలైతే పై అంతస్తు వారు దిగివస్తారు, పైగా అది ఎగజిమ్మిన పొట్టు ఇల్లంతా పరుచుకుంటుంది.

అలాగని చేతి రందా కొన్నవాడికి చింత లేదనుకోకూడదు. దుకాణంలో ఉన్నవాటిలో చవకది చూసి నేను కొన్న మొదటి రందా అడుగుభాగం చదునుగా లేదు, బ్లేడును పట్టివుంచే దిమ్మె సరిగా ఆనక ప్రతి తోపుకూ వణికేది. అద్దం పలక మీద గరుకు కాగితం పరిచి అడుగును రుద్ది రుద్ది చదును చేయడానికి రెండు ఆదివారాలు పట్టింది. ఆ తరువాత బ్లేడును 25 డిగ్రీల వాలులో అరగదీసి, కొసన మాత్రం 30 డిగ్రీలకు నూరితే గాని అది రందా అనిపించుకోలేదు. టేకు మీద పని చేసేవారికి ఈ నూరుడు ఒక్కసారితో తీరేది కాదు. టేకులో సహజంగానే ఇసుకను పోలిన సిలికా ఉంటుంది కాబట్టి పదును ఇట్టే పోతుంది. నూరే ఓపిక లేనివారు చేతి రందా జోలికి పోకపోవడమే మంచిది. ఓపిక ఉండి ఒక్కటే కొనదలచినవారు సుమారు 245 మిల్లీమీటర్ల పొట్టి రందాకు బదులు 355 మిల్లీమీటర్లది తీసుకోవడం మేలు. రందా అడుగుభాగం పొడవుగా ఉంటే పలకలోని ఎత్తుపల్లాల్లోకి దిగకుండా మిట్టల మీదుగా సాగి వాటినే కోస్తుంది.

కరెంటు రందాకు న్యాయం చేయాలంటే, రంపపు మిల్లు నుంచి గరుకుగా వచ్చిన దూలాలు పది ఉన్నప్పుడు దాని ముందు చేతి రందా నిలవదు. ఇల్లు కట్టుకునేవారు, ద్వారబంధాలు చేసేవారు కొనవలసింది దాన్నే. ఏడాదికి ఒక స్టూలు, రెండు అలమర అరలు చేసే నాబోటివాడికి మాత్రం అది దండగ.

ఉలుల విషయంలో నా పొరపాటు ఇంకా చిన్నపిల్లల చేష్టలా ఉంటుంది. చెక్కపెట్టెలో వరుసగా అమర్చిన పన్నెండు ఉలులను చూసి మురిసిపోయి కొన్నాను. వాటిలో ఇప్పటికీ నా చేతికి వస్తున్నవి 6, 12, 25 మిల్లీమీటర్లవి మూడే. అదే సొమ్ముతో మంచి ఉక్కు ఉలులు మూడూ, ఒకవైపు గరుకు మరోవైపు నునుపు ఉన్న సానరాయీ కొనివుండవచ్చు. సానరాయి లేని రోజుల్లో పన్నెండూ మొద్దుబారి పెట్టెలో అందంగానే ఉన్నాయి.

ప్లైవుడ్ కోయడానికి మార్బుల్ కట్టరా, సర్క్యులర్ రంపమా అన్న ప్రశ్నకు నేను మొదట తప్పు జవాబే ఎంచుకున్నాను. మన వడ్రంగులు చాలామంది మార్బుల్ కట్టరుకు కలప బ్లేడు బిగించి, బల్ల కింద తలకిందులుగా అమర్చి పని కానిస్తుంటారు. చవక, తేలిక, ఎక్కడైనా దొరుకుతుంది. అయితే రాయి కోయడానికి చేసిన ఆ యంత్రం 110 మిల్లీమీటర్ల బ్లేడుతో నిమిషానికి పన్నెండు వేల చుట్లకు పైగా తిరుగుతూ మూడు సెంటీమీటర్ల లోతుకు కాస్త అటూ ఇటూగా ఆగిపోతుంది. బ్లేడు చెక్కలో బిగుసుకుంటే యంత్రమే వెనక్కి తన్నుతుంది. 185 మిల్లీమీటర్ల సర్క్యులర్ రంపం అందులో సగం వేగంతోనే తిరిగి ఆరు సెంటీమీటర్లకు పైగా కోస్తుంది, దాని కింది తొడుగు కోత ముగియగానే దానంతటదే బ్లేడును కప్పేస్తుంది. ఖరీదు ఎక్కువే అయినా ఇక్కడ నాకు రెండో ఆలోచన లేదు, వేళ్ల విషయం గనుక.

కలపలో గాడులు తీసే, అంచులు తీర్చే రౌటర్ యంత్రం కొనేవారికి ఒక చిన్న మాట. దానికి బిగించే కోత ముక్కల, అంటే బిట్ల, కాడలు 6 మిల్లీమీటర్లవీ ఉంటాయి, పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లవీ ఉంటాయి. కంటికి ఒకటే. పెద్దది చిన్న కాలెట్‌లో, అంటే కాడను పట్టివుంచే బిగింపులో, దూరదు, చిన్నది పెద్దదానిలో సరిగా బిగియక పని మధ్యలో జారుతుంది. బిట్ల పెట్టె ఒకచోట, యంత్రం మరోచోట కొని నేను ఒక పూర్తి సెట్టు పక్కన పెట్టవలసి వచ్చింది.

కరెంటు రందాను మొన్న సంక్రాంతికి మా బావమరిది ఊరికి పట్టుకెళ్లాడు. పాత ఇంటి దూలాలతో కొత్త ఇంటికి ద్వారబంధాలు చేయిస్తున్నాడు. మేకులన్నీ పీకించి, దూలమంతా చేత్తో తడిమి చూశాకే స్విచ్ వేయమని రెండుసార్లు చెప్పి పంపాను.