కటింగ్ ముక్కల మసిబట్ట, సంచి, జిప్పు పర్సు: రెండేళ్లు వాడాక

జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలతో కుట్టిన మూడు వస్తువుల గురించి ఇది. మసిబట్ట రెండేళ్లు రోజూ వాడినా చెక్కుచెదరలేదు. కూరగాయల సంచికి పట్టీలు ఒకసారి మార్చాల్సి వచ్చింది. పట్టు ముక్కల జిప్పు పర్సు ఆరు నెలలకే పక్కలు విడిపోయింది. మూడూ ఒకే మిషన్ మీద కుట్టినవే, బట్టే వేరు.

దసరా ముందు మన గల్లీ టైలర్ల దగ్గర ముక్కలు సంచుల కొద్దీ పోగవుతాయి. అడిగితే ఊరికే ఇస్తారు గానీ, ఏది కాటనో ఏది పాలిస్టరో కంటికి తెలియదు. నాలుగు పోగులు లాగి, పళ్లెం మీద పట్టుకుని అగ్గిపుల్లతో అంటించాలి. కాగితంలా కాలి మెత్తటి బూడిదైతే కాటన్. ముడుచుకుని గట్టి పూసలా మిగిలితే పాలిస్టర్. వెంట్రుకలు కాలిన వాసనొస్తే పట్టు. పాలిస్టర్ కలిసిన ముక్క మసిబట్టకు వద్దే వద్దు, వేడి మూకుడుకు కరిగి అంటుకుంటుంది.

మసిబట్టకు పైన, కింద 8 ఇంచుల కాటన్ చదరాలు, మధ్యలో పాత టవల్ రెండు మడతలు. ముందే అన్నీ ఒక రాత్రి నానబెట్టి ఆరేయాలి. లేదంటే మొదటి ఉతుకుకే లోపలి టవల్ కుంచించుకుపోయి పైబట్ట బుడగలు బుడగలుగా లేస్తుంది. 16వ నంబరు సూది, పొడుగు కుట్టు పెట్టి, ఒకటిన్నర ఇంచు ఎడంలో గళ్లుగా కుడితే పొరలు జరగవు. అంచుకు రెండించుల క్రాస్ పట్టీతో, అంటే బట్టను ఏటవాలుగా కత్తిరించిన పట్టీతో, పైపింగ్. నిలువు పోగులో కత్తిరించిన పట్టీ మూలల దగ్గర తిరగదు, ముడతలు పడుతుంది. ఇంకో మాట: తడిసిన మసిబట్టతో గిన్నె దించొద్దు, ఎన్ని పొరలున్నా చెయ్యి కాలుతుంది.

సంచి 14కి 15 ఇంచులు, లోపల లైనింగ్. నాలుగైదు కిలోలు ఆగుతుంది. పట్టీలు మొదట పైఅంచులో ఒక్క వరస కుట్టుతో వదిలేయడమే తప్పు. దారం తెగలేదు, కుట్టు పక్కన బట్టే చినిగింది. ఇప్పుడు పట్టీని ఇంచున్నర కిందికి దించి, చదరంగా కుట్టి, మధ్యలో ఇంటూ మార్కు వేసి, వెనక జీన్స్ ముక్క ఆనించాను. పోచంపల్లి ముక్కలు అందంగా ఉంటాయి కానీ, రంగు వదులుతుందేమో తెల్లగుడ్డ తడిపి రుద్ది చూడండి.

పట్టు పర్సు విషయంలో కుట్టు ఊడలేదు, పోగులే కుట్టులోంచి జారిపోయాయి. కుట్టు బయట వదిలే మార్జిన్ పావు ఇంచైతే దానికి చాలదు. అరంగుళం వదిలి, ఇస్త్రీ వేడికి అంటుకునే కాన్వాసు వెనక అతికించి కుట్టిన రెండోది పర్వాలేదు. జిప్పు మీటర్ల లెక్కన, దాన్ని తెరిచి మూసే రన్నర్లు విడిగా హైదరాబాద్ బేగంబజార్‌లో దొరుకుతాయి. పక్కలు కుట్టేముందు జిప్పు సగం తెరిచి ఉంచండి, మర్చిపోతే కుట్టాక పర్సు లోపలి వైపు బయటికి తిప్పడానికి దారే ఉండదు. జిప్పు పళ్ల మీదుగా కుట్టేటప్పుడు మిషన్ చక్రం చేత్తోనే తిప్పాలి, లేకుంటే సూది విరుగుతుంది.

రెండించుల లోపు ముక్కలు సూదుల దిండులోకి. గట్టిగా కూరండి, వదులైతే సూదులు లోపలికి మునిగిపోతాయి.