డ్రాగ్ పందేలకు జీపీఎస్ టైమర్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

కారు ఎంత వేగంగా పోతుందో తెలుసుకోవడానికైతే ఈ పెట్టె కొనకండి. ఆ సంగతి కారుతో పాటు వచ్చే కాగితాల్లోనే ఉంటుంది. బయలుదేరిన మొదటి రెండు మూడు సెకన్లలో మీ కాళ్లు చేస్తున్న నిర్వాకం ఏమిటో తెలుసుకోవాలని ఉంటే మాత్రం, పదిహేను వేలకు అటూ ఇటూ పెట్టి కొనదగిన వస్తువు ఇంకొకటి నాకు కనిపించలేదు. నేను కొన్నప్పుడు నా కారుకే పరిమితమైన ఈ టైమర్ ఇప్పుడు హనుమకొండలో మా మిత్రబృందానికి ఉమ్మడి ఆస్తి. ఎవరింట్లో ఉందో ఆరా తీయడానికే ఒక్కోసారి పూట గడిచిపోతుంది.

తయారీదారు పేరు రాయడం లేదు. ఇలాంటివి చాలామంది అమ్ముతున్నారు, లోపల జరిగే పని దాదాపు ఒకటే. అగ్గిపెట్టెకు కాస్త పెద్దన్నలా ఉంటుంది. అడుగున అయస్కాంతం, పక్కన చార్జింగ్ రంధ్రం, ఒక చిన్న దీపం, అంతే. తెర ఉండదు. బ్లూటూత్‌తో ఫోనుకు కలుపుకుని, ఫోనులోని యాప్‌లో అంకెలు చూసుకోవాలి.

ఫోనులోనే జీపీఎస్ ఉండగా ఈ పెట్టె ఎందుకని అందరూ అడుగుతారు. మామూలు ఫోను సెకనుకు ఒకసారి లెక్క చూస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు దాటేస్తుంది. అంటే ఒక లెక్కకూ మరో లెక్కకూ మధ్య రెండు మూడు ఇళ్ల దూరం కారు ఎక్కడుందో ఫోనుకు పట్టదు. ఈ పెట్టెలు సెకనుకు 10 సార్లు, ఖరీదైనవి 25 సార్లు చూస్తాయి. పైగా వేగాన్ని దూరం నుంచి కాకుండా, ఉపగ్రహ సంకేతాల పౌనఃపున్యంలో వచ్చే మార్పు నుంచి లెక్కగడతాయి. అందుకే వేగం అంకె చాలా నమ్మకంగా ఉంటుంది. కారు స్పీడోమీటరు 100 చూపిస్తుండగా పెట్టె 95, 96 దగ్గర ఉండటం చూసి మొదట్లో ప్రతి కారు యజమానీ పెట్టెనే తప్పుపడతాడు. స్పీడోమీటరు అసలు వేగం కన్నా ఎప్పుడూ తక్కువ చూపకూడదన్నది నియమం కాబట్టి, తయారీదారులు దాన్ని కొంచెం పైకే అమరుస్తారు.

డ్రాగ్ పందెం నడక తెలియనివారికి రెండు ముక్కలు. రెండు కార్లు పక్కపక్క వరుసల్లో నిలిచి, నిలబడ్డ చోటు నుంచి తిన్నగా ముందుకు దూసుకెళ్లే పందెం ఇది. దూరం పావు మైలు, అంటే 402 మీటర్లు. ముందు చక్రం గీత దగ్గర కాంతికిరణాన్ని అడ్డుకుని నిలబడితే కారు సిద్ధంగా ఉన్నట్టు. పసుపు దీపాలు వరుసగా వెలిగి ఆకుపచ్చ వస్తుంది. చక్రం ఆ కిరణాన్ని వదిలిన క్షణం నుంచి గడియారం మొదలవుతుంది, చివరి గీత దాటాక ఆగుతుంది. చక్రం గుండ్రంగా ఉంటుంది కనుక కిరణం దాటేలోపు కారు ఒక అడుగు దూరం ఉచితంగా జరుగుతుంది. యాప్‌లో దీనికి ‘రోలౌట్’ అని ఒక మీట ఉంది. అది వేస్తే కాలం పావు సెకను దాకా తగ్గి కనిపిస్తుంది. వాట్సాప్ గ్రూపులో ఎవరైనా మురిపిస్తూ ఫలితం పెడితే ముందు చూడవలసింది ఆ మీటనే. తర్వాత వాలు. వంద మీటర్లకు ఒక మీటరు కన్నా ఎక్కువ దిగుడు ఉంటే యాప్ ఆ పరుగును చెల్లదని కొట్టేస్తుంది. ఈ ఒక్క గుణంతో మా గ్రూపులో చాలా రికార్డులు రద్దయ్యాయి.

ఇక అసలు విషయం, మొదటి 60 అడుగులు. మీటర్లలో 18 పైచిలుకు. పెట్టె ఈ దూరానికి విడిగా కాలం ఇస్తుంది. నేను మొత్తం పరుగు కాలం కన్నా ముందు ఈ వరుసే చూస్తాను, ఎందుకంటే ఇక్కడ పదో వంతు సెకను మిగిలితే చివర్లో అది ఇంచుమించు ఒకటిన్నర రెట్లై తిరిగి వస్తుంది. పావు మైలు దాటేటప్పటి వేగం ఇంజిన్ బలం ఎంతో చెబుతుంది, 60 అడుగుల కాలం ఆ బలం నేలకు ఎంత అందిందో చెబుతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవడం వచ్చాక ఈ పెట్టె ఖరీదు నాకు గిట్టుబాటైంది.

మా బృందంలో ఇద్దరి ఉదాహరణ చెబుతాను. ఒకరు ఎనుమాముల మార్కెట్లో మిర్చి వ్యాపారం చేసే కుటుంబం వారు, ఆయనది ఫోర్డ్ మస్టాంగ్ జీటీ. 5 లీటర్ల వీ8, దాదాపు 400 గుర్రాల బలం, లాగేది వెనక చక్రాలు. రెండో ఆయన హనుమకొండలో ప్రాక్టీసు చేసే డాక్టరు గారు, బీఎండబ్ల్యూ ఎం340ఐ. 3 లీటర్ల టర్బో, 387 గుర్రాలు, నాలుగు చక్రాలూ లాగుతాయి. కాగితం మీద పెద్ద తేడా లేదు. వారాంతపు పోటీలో పక్కపక్క వరుసల్లో నిలబడితే మాత్రం మస్టాంగ్ గర్జించి, తోక ఊపి, పొగ లేపి బయలుదేరేలోపు డాక్టరు గారి కారు ఏ హడావిడీ లేకుండా రెండు కార్ల పొడవు ముందుంది. చూసేవాళ్లు ఈలలు వేసింది మస్టాంగ్‌కే, గెలిచింది రెండోది. దిగగానే మిర్చి సోదరుడు పెట్రోలు మీద నెపం వేశాడు. నేను ఫోను తీసి చూపించాను. చివరి వేగంలో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. 60 అడుగుల దగ్గరే అర సెకను పోయింది.

“అయితే గుర్రాలు సరిపోకపోవడం కాదంటావు, తమ్ముడూ?”

“కాదన్నా, కళ్లెం వదులుగా ఉంది.”

ఆయన ఆ మధ్యాహ్నం యాక్సిలరేటరు సగం తొక్కి, వెనక టైర్లు పట్టు దొరికించుకున్నాక మిగతా సగం తొక్కడం మొదలుపెట్టాడు. గర్జన తగ్గింది, ఈలలూ తగ్గాయి, కాలం కూడా తగ్గింది.

నాది స్పోర్ట్స్ కారు అనిపించుకునే స్థాయి కాదు. వోక్స్‌వాగన్ పోలో ఒక లీటరు టర్బో, 110 గుర్రాలు, చేత్తో మార్చే ఆరు గేర్లు. పావు మైలు 17 సెకన్ల చుట్టుపక్కల తిరుగుతుంది. బయలుదేరేటప్పుడు బరువు వెనక్కి వాలుతుంది, లాగే చక్రాలేమో ముందున్నాయి. ముందు చక్రాల కారుకు ఈ తిప్పలు తప్పవు. ఇంజిన్‌ను నిమిషానికి 2,500 చుట్ల దగ్గర నిలిపి, క్లచ్‌ను అది పట్టు అందుకోవడం మొదలయ్యే చోట ఒక క్షణం ఎక్కువ పట్టి ఉంచడం, ముందు టైర్లలో గాలి రెండు మూడు పాయింట్లు తగ్గించడం, ఈ రెండింటితో 60 అడుగుల కాలం కంటికి కనిపించేంత తగ్గింది. పోటీ అయ్యాక గాలి మళ్లీ నింపుకోకుండా ఇంటిదారి పట్టకూడదు.

పెట్టె చెప్పలేనిది ఒకటుంది, కొనేవాళ్లకు ముందే తెలియాలి. కారు కదిలినప్పుడే దీని లెక్క మొదలవుతుంది కనుక ఆకుపచ్చ దీపానికి మీరు ఎంత ఆలస్యంగా స్పందించారో దీనికి తెలియదు. మీరు 13.1 సెకన్లలో పరుగు ముగించి దీపం దగ్గర 0.9 సెకను నిద్రపోతే, 13.4లో ముగించి 0.3లో కదిలినవాడు మీకన్నా ముందు గీత దాటుతాడు. కాలం మీదే మెరుగు, పందెం మాత్రం అతనిది. ఇంట్లో అంకెలు చూసుకుని మురిసిపోయి మొదటిసారి పోటీకి వచ్చేవాళ్లు ఓడిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఆకుపచ్చ కోసం ఎదురుచూడకూడదు, చివరి పసుపు వెలగగానే కదలాలి; మన కాలు స్పందించి కారు కదిలేసరికి ఆకుపచ్చ వచ్చేస్తుంది. అది అలవాటు కావడానికి అసలు దీపాల ముందు నిలబడటం తప్ప దారి లేదు. నిర్వాహకుల గడియారానికీ పెట్టెకూ సెకనులో కొన్ని వందో వంతుల తేడా మామూలే. వాదన పెట్టుకోకండి, వాళ్లదే లెక్క.

పోటీకి బయట దీన్ని నేను ఎక్కువగా వాడేది మెకానిక్ షెడ్డు పని కోసం. పరుగుల సంగతి కాదు. మూడో గేరులో 30 నుంచి 70 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి పట్టే కాలం, వేగపరిమితికి లోబడే. యాప్‌లో మనకు కావలసిన వేగాలు పెట్టుకోవచ్చు. ఒకే చోట, రెండు దిక్కులా, చల్లటి వేళ కొలిచి సగటు తీయాలి. స్పార్క్ ప్లగ్గులు మార్చినప్పుడు తేడా తెలిసింది. డబ్బాలో పది గుర్రాలు కలిపి ఇస్తామన్న ఎయిర్ ఫిల్టరు తేడా ఏమీ చూపలేదు, శబ్దం మాత్రం ధారాళంగా ఇచ్చింది. 100 ఆక్టేన్ పెట్రోలు కూడా నా కారులో అంతే. దానికి తగ్గట్టు ఇంజిన్ అమరిక లేనప్పుడు అది కొత్తగా చేసేదేమీ లేదు. పదో వంతు సెకను లోపు తేడాను నేను తేడాగా లెక్కపెట్టను.

మన ఎండల గురించి చెప్పకపోతే ఓరుగల్లు మనిషి రాసిన సమీక్ష అనిపించుకోదు. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి ఇంచుమించు 6 శాతం పలచన. టర్బో కారు వరుసగా పరుగులు తీస్తే లోపలికి పోయే గాలి ఇంకా వేడెక్కుతుంది. మే నెల మధ్యాహ్నపు అంకెనూ డిసెంబరు తెల్లవారుజాము అంకెనూ పోల్చి కారుకు జబ్బు చేసిందని బెంబేలెత్తేవాళ్లను చూశాను. బానెట్ ఎత్తి అరగంట ఆగితే సగం జబ్బు నయమవుతుంది. పెట్టెకు మాత్రం ఎండ నిజంగానే శత్రువు. డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే వేడికి ఆగిపోతుంది. ఇప్పుడు చార్జింగ్ రంధ్రం కూడా వదులైంది, తీగను ఒక పక్కకు వంచి పట్టుకుంటే గానీ ఎక్కదు. యాప్ కొత్త రూపానికి మారాక పాత పరుగుల పట్టికను చూడటానికి ఏటా డబ్బు అడుగుతున్నారు, అది నాకు అస్సలు నచ్చలేదు. లోహపు పూత ఉన్న సన్‌ఫిల్మ్ కింద, రేకుల షెడ్డు కింద, ములుగు వైపు చెట్ల కింద ఉపగ్రహాలు దొరకవు. కారు పైకప్పు మీద అంటిస్తే బాగా పనిచేస్తుంది, తీయడం మరచిపోకుండా ఉంటే.

ఈ పెట్టె చేతికి రాగానే ఖాళీ రోడ్డు కనిపిస్తే కాలు దురద పెడుతుంది. హైదరాబాద్ వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి తెల్లవారుజామున నున్నగా పరచుకుని పిలుస్తుంది కూడా. ట్రాక్టరు అడ్డం వస్తుంది, గేదె వస్తుంది, అన్నిటికీ మించి మనిషి వస్తాడు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం బహిరంగ రహదారి మీద పందేనికి మొదటిసారి 3 నెలల దాకా జైలు, లేదా 5 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రోడ్డు మీద తీసిన ఫలితాలు మా గ్రూపులో పెట్టనివ్వం. దీనికి నొచ్చుకుని ఒకరిద్దరు గ్రూపు వదిలి వెళ్లారు, వెళ్లనిచ్చాం.

ఈ క్రీడ రోడ్ల మీద నుంచి రన్‌వేల మీదికి మారాకే బాగుపడింది. అమెరికాలో 1950లో కాలిఫోర్నియా శాంటా ఆనా విమానాశ్రయంలో పద్ధతిగా పందేలు మొదలయ్యాయి, మరుసటి ఏడాదే జాతీయ సంఘం ఏర్పడింది. మన దేశంలో లోనావాలా దగ్గరి ఆంబీ వ్యాలీ ఎయిర్‌స్ట్రిప్ మీద వ్యాలీ రన్ పోటీలు పేరు తెచ్చుకున్నాయి. మన వరంగల్ దగ్గరి మామునూరులోనూ నిజాం కాలపు రన్‌వే 1981 నుంచి ఖాళీగా పడి ఉంటే, దాన్ని చూసి మావాళ్లు ఎన్ని కలలు కన్నారో. ఇప్పుడు అక్కడ విమానాశ్రయం మళ్లీ రాబోతోంది. ఊరికి అదే మేలు. మేం మాత్రం పోటీ కోసం రాష్ట్రం దాటి వెళ్లి, అదే కారులో తిరిగి రావాలి. అందుకే క్లచ్ మీద దయ ఉంచి నడుపుతాం.

కొనేవాళ్లకు: ఆటోమేటిక్ కారు ఉండి, ఏడాదికి ఒకసారి సరదాకు పోటీకి వెళ్లేవారికి ఇది అనవసరం, నిర్వాహకులు ఇచ్చే చీటీ చాలు. చేత్తో గేర్లు మార్చేవారు, కారులో మార్పులు చేయించేవారు తీసుకోండి. సెకనుకు 10 సార్లు చూసే రకం చాలు, 25 సార్లు చూసేదానికి అదనంగా పోసే డబ్బుతో ముందు రెండు మంచి టైర్లు వేయించండి. కొనేముందు పాత పట్టిక చూడటానికి యాప్‌కు ఏటా చందా కట్టాలా అని అడగండి. చార్జింగ్ రంధ్రం యూఎస్‌బీ సీ రకమైతేనే తీసుకోండి.