పెళ్లెప్పుడని అడిగే ఇంటర్వ్యూ, అడగని ఇంటర్వ్యూ: ఏది మేలు?

మా పిన్ని కూతురు గుంటూరులో బీకాం చేసింది. ట్యాలీ బాగా వచ్చు, జీఎస్టీ రిటర్నులు సొంతంగా వేస్తుంది. పోయిన నెల విజయవాడ బందరు రోడ్డులో ఒక ఆఫీసులో అకౌంటెంట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంటే నేను తోడు వెళ్లాను. బయటికొచ్చాక, వాళ్లు తిరిగిచ్చిన బయోడేటా కాగితం నా చేతిలో పెట్టింది. చివర్లో 'మ్యారిటల్ స్టేటస్: అన్‌మ్యారీడ్' అన్న లైను కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు. పని గురించి అడిగినవి రెండే ప్రశ్నలట. మిగతాదంతా "సంబంధాలు చూస్తున్నారా అమ్మా? పెళ్లయ్యాక మానేస్తే మా సంగతేంటి? ఇంటిపేరు ఏమన్నావు?" ఇదే వరస.

ఎవరమ్మాయివి, ఏ ఊరు మీది అని మన దగ్గర బస్సులో పక్క సీటావిడ కూడా అడుగుతుంది. ఆ పలకరింపు నాకూ ఇష్టమే. కానీ జీతమిచ్చే మనిషి బల్లకి అవతల కూర్చుని అడిగితే దాని బరువు వేరు. మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఇంటిపేరు, ఊరు రెండూ చెప్పాక కులం విడిగా చెప్పే పనే ఉండదు. అడిగేవాళ్లకీ అది తెలుసు.

ఇలా అడగకూడదని చట్టం లేదా అంటే, ప్రభుత్వ ఉద్యోగాల్లో కులం, మతం, లింగం చూసి వివక్ష చూపకూడదని రాజ్యాంగం 16వ అధికరణం చెబుతుంది. ప్రైవేటు ఆఫీసులకి అంత విస్తారమైన చట్టం ఒక్కటంటూ లేదు. ఆడవాళ్లని ఉద్యోగంలోకి తీసుకోవడంలో తేడా చూపొద్దని 1976 సమాన వేతన చట్టంలో ఉండేది, దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ ఉంది. వికలాంగులకు 2016 చట్టం ఉంది. ఇలా తలా ఒక ముక్క. పెళ్లి గురించి అడిగితే ఎవరికి చెప్పుకోవాలో మా చెల్లికి తెలియదు, నాకూ తెలియదు.

అమెరికాలో 1964 పౌర హక్కుల చట్టం జాతి, మతం, లింగం, పుట్టిన దేశం చూసి కాదనకూడదంది. 1967లో నలభై దాటినవాళ్లకి వయసు రక్షణ వచ్చింది. మనవాళ్లు రెజ్యూమెలో ఫొటో, పుట్టినతేదీ తీసేసేది అందుకే. వీసా స్పాన్సర్‌షిప్ కావాలా అని మాత్రం అడగొచ్చు, అడుగుతారు కూడా. అయితే పెళ్లయిందా అన్న ప్రశ్నని ఫెడరల్ చట్టం, అంటే అక్కడి కేంద్ర చట్టం, పేరు పెట్టి నిషేధించలేదు. అడిగితే, రేపు కేసులో అదే వివక్షకు రుజువుగా మెడకు చుట్టుకుంటుందని కంపెనీలు జాగ్రత్త పడతాయి. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం రక్షణ ఇచ్చే తొమ్మిది అంశాల్లో గర్భం, పెళ్లి కూడా ఉన్నాయి. కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఆఫర్ ఇవ్వకముందు ఆరోగ్యం గురించి అడగడానికి వీల్లేదు. ఈ రెండిట్లో నాకు బ్రిటన్ పద్ధతే నచ్చింది. ఆ చట్టం చదివినవాళ్లకి ఏది అడగకూడదో తెలుస్తుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. పెళ్లి ప్రశ్న వెనక అసలు భయం ప్రసూతి సెలవు. మన దగ్గర 2017 సవరణతో అది 26 వారాలైంది, ఆ జీతం యజమానే ఇవ్వాలి. బ్రిటన్‌లో చట్టప్రకారం ఇచ్చే ప్రసూతి వేతనంలో 92 శాతాన్ని యజమాని ప్రభుత్వం నుంచి తిరిగి రాబట్టుకోవచ్చు, చిన్న సంస్థలకైతే మొత్తం వస్తుంది. అంటే అక్కడ నోరు మూయించి ఊరుకోలేదు, భయాన్నీ తగ్గించారు. మన దగ్గరా నెలకు 21,000 లోపు జీతంతో ఈఎస్ఐలో (ఉద్యోగుల ప్రభుత్వ బీమాలో) ఉన్నవాళ్లకి ప్రసూతి డబ్బు ఈఎస్ఐ ఇస్తుంది. మా చెల్లికి చెప్పిన జీతం పదిహేను వేలు. ఈఎస్ఐ ఉన్న ఆఫీసైతే ఆ ఎర్ర గీతల వెనక లెక్కే తప్పు.

జర్మనీ మరో అడుగు ముందుకేసింది. గర్భవతివా అని అడిగితే అమ్మాయి అబద్ధం చెప్పినా, ఆ కారణంతో ఉద్యోగం పోదని అక్కడి కోర్టుల మాట. వినగానే నాకు కళ్లు చెమర్చాయి. మనమ్మాయిలు ఆ అబద్ధం భయపడుతూ చెబుతారు.

గల్ఫ్ సంగతి వేరు. ఫొటో, మతం, పెళ్లి, పిల్లలు, అన్నీ అప్లికేషన్‌లోనే రాయించుకుంటారు. ముందే తెలిసిపోతుంది కాబట్టి టెన్షన్ తక్కువ అంటారు అక్కడికి వెళ్లొచ్చిన నర్సులు. వాళ్ల మాట కాదనను, కానీ ఆ ఫారాల కుప్పలోంచి ఎవర్ని ఎందుకు పక్కన పెట్టారో ఎప్పటికీ బయటికి రాదు.

అడగని పద్ధతే మేలని నా గట్టి నమ్మకం. అడగకపోయినా పేరు చూసి పక్కన పెట్టేవాళ్లు అక్కడా ఉంటారు. కానీ ఆ గదిలో కూర్చున్నంతసేపు మాట్లాడేది పని గురించే, తేడా వస్తే ఫిర్యాదు చేయడానికి ఒక చోటుంది. పాత జీతం విషయంలోనూ అంతే. ఇక్కడ మూడు నెలల పేస్లిప్పులు పెడితే తప్ప మాట కదలదు. కాలిఫోర్నియాలో 2018 నుంచి పాత జీతం అడగకూడదు. పిల్లల కోసం మూడేళ్లు ఆగి మళ్లీ ఉద్యోగంలోకి వచ్చే ఆడవాళ్లకి ఈ ఒక్కటి మన దగ్గరా ఉంటే ఎంత బాగుండేదో.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని బయోడేటా మళ్లీ టైపు చేశాం. నాన్న పేరు, మతం, పెళ్లి, శాశ్వత చిరునామా తీసేశాం. "మరీ బోసిగా ఉందేమో అక్కా" అంది. ఖాళీ అయిన చోట, బ్రాడీపేటలో ఆడిటర్ గారి దగ్గర ఏడాదిపాటు నెలకి ఎన్ని రిటర్నులు వేసిందో రాయమన్నాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుని రాసింది. ఆ నాలుగు లైన్ల చోటు చాల్లేదు.