తల, కాళ్లు లేని ‘నాటుకోడి’ కవర్ ఇస్తే తీసుకోకండి

‘ఆరుబయట తిరిగిన నాటుకోడి, పొలంలో మేసిన పొట్టేలు, మందు కొట్టని లంక కూరగాయలు’ అన్న బోర్డు చూసి ఫారం స్టోర్లలో కొంటున్న గోదావరి జిల్లాల వాళ్లకి ఇది రాస్తున్నాను. చివరిదాకా చదివే తీరిక లేకపోతే ఈ ఒక్కమాట గుర్తుపెట్టుకోండి. కోడిని కోసి, తల, కాళ్లు తీసేసి, పసుపు పూసి కవర్లో పెట్టి ఇస్తే తీసుకోకండి.

మా పెద్దమ్మాయి ఏడో నెలలో పుట్టింటికి వచ్చింది. దానికి మంచి తిండి పెట్టాలని నా ఆరాటం. మా ఊరికి దగ్గర్లో మెయిన్ రోడ్డు మీద కొత్తగా పెట్టిన స్టోర్ ఒకటుంది. పేరు రాయను. ఆరు వేలు ముందు కడితే సభ్యత్వం ఇస్తామన్నారు. వాట్సాప్‌లో ఆర్డర్ పెడితే ఇంటికి తెచ్చి ఇస్తారు, ఆ డబ్బులోంచి తగ్గించుకుంటారు. కట్టాను. మొదటి రెండుసార్లు సరుకు నిజంగా బాగుంది. కోడి నాటుకోడే, వంకాయలు లేతగా ఉన్నాయి. ఆ రెండుసార్లకీ కలిపి 2,600 అయింది. నేనే మా వీధిలో ఇద్దరికి చెప్పి చేర్పించాను. ఇప్పుడు ఎక్కువ బాధ ఆ సంగతికే.

శ్రావణం వెళ్లాక మొదటి ఆదివారం మూడో ఆర్డర్ వచ్చింది. కోడి బరువు కిలో మూడు వందల గ్రాములు, ధర కిలో 700 చొప్పున 910. అరకిలో పొట్టేలు మాంసం 500. కూరగాయలు, అరటిపళ్లు 490. మొత్తం 1,900.

మా అత్తయ్యగారికి డెబ్బై అయిదు దాటాయి. పల్లెలో పెరట్లో కోళ్లు పెంచిన మనిషి. గిన్నెలో కోడిని చూడగానే “తలేదమ్మాయ్?” అన్నారు.

“ప్యాకింగులో తల ఇవ్వరండి అత్తయ్యగారూ.”

“మరి కాళ్లు?”

కాళ్లూ లేవు. పసుపంతా కడిగించారు. తోలు మీద మిగిలిపోయిన ఈకల మొదళ్లు చూపించారు. అన్నీ తెల్లగా ఉన్నాయి. తర్వాత తొడ ఎముక వంచితే పుటుక్కున విరిగింది. “కండ చూస్తే ముదురు, ఎముక చూస్తే పెళుసు. నాటుకోడి ఎముక కత్తికి కూడా ఒక పట్టాన లొంగదు. ఇది గుడ్లు మానేసిన ఫారం కోడి” అన్నారు. కుక్కర్లో ఎనిమిది విజిల్స్ వచ్చినా ముక్క సాగుతూనే ఉంది. నాటుకోడి కూరకుండే ఆ వాసనా లేదు, రుచీ లేదు.

లేయర్ కోళ్ల, అంటే గుడ్ల కోసం పెంచే ఫారం కోళ్ల సంగతి మన వైపు చాలామందికి తెలిసిందే. అనపర్తి, మండపేట, తణుకు చుట్టుపక్కల గుడ్ల ఫారాలు ఎన్నో ఉన్నాయి. తెల్లకోడి ఏడాదిన్నర వయసు దాకా బాగా గుడ్లు పెడుతుంది. ఆ తర్వాత తగ్గిపోతాయి కాబట్టి ఫారం వాళ్లు చవగ్గా అమ్మేస్తారు. గుడ్డు పెంకుకి ఒంట్లో కాల్షియం అంతా పోసేసి ఉంటుంది కాబట్టే ఎముక అంత పెళుసు. అందులో తప్పేమీ లేదు. లేయర్ అని చెప్పి లేయర్ ధరకి అమ్మితే కొనేవాళ్లు కొంటారు. దాన్నే నాటుకోడి పేరుతో 700కి అమ్మడం మోసం. దాని కండ గట్టిగా ఉంటుంది కాబట్టి, నాటుకోడి ఎలా ఉంటుందో మర్చిపోయిన మనలాంటి వాళ్లం ‘అబ్బ, గట్టిగా ఉంది, నాటుదే’ అనేసుకుంటాం. మాంసం కోసం పెంచే బ్రాయిలర్ అయితే ఆరు వారాలకే రెండు కిలోలు తూగుతుంది. దాని మెత్తటి ముక్క నోట్లో పెట్టుకుంటే తెలిసిపోతుంది. లేయర్‌తో ఆ అవకాశం లేదు.

తల ఎందుకు తీసేస్తారో అప్పుడు అర్థమైంది. బోనుల్లో ఇరుకుగా ఉండే కోళ్లు ఒకదాన్నొకటి పొడుచుకోకుండా చిన్నప్పుడే ముక్కు కొస కత్తిరిస్తారు. ఆ మొండి ముక్కు చాలావాటికి జీవితాంతం అలాగే ఉంటుంది. నేల గీరుకుని పురుగులు ఏరుకుని బతికే కోడికి కొస ముక్కు ఉండాలి. కాళ్లు కూడా చెప్తాయి. తీగల మీద నిలబడ్డ కోడికి గోళ్లు పొడుగ్గా పెరిగిపోతాయి, మట్టిలో తిరిగినదానికి గోళ్లు అరిగి, అరికాలు గరుకుగా ఉంటుంది. ఆ రెండూ చూస్తే చాలు, ఎవర్నీ అడగక్కర్లేదు.

స్టోర్‌కి ఫోన్ చేశాను. కుర్రాడు “ఆయ్, మనదేనండి, మన మకాంలో తిరిగిందేనండి” అన్నాడు. అయితే ఆ మకాం, అంటే కోళ్లు పెంచే చోటు, చూపించమన్నాను. కోళ్లకి జబ్బులు అంటుకుంటాయని బయటివాళ్లని రానివ్వరట. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. 2025 ఫిబ్రవరిలో పెరవలి మండలం కానూరు అగ్రహారంలో, తణుకు దగ్గర వేల్పూరులో ఫారం కోళ్లకి బర్డ్ ఫ్లూ అని తేలి, కోళ్లను చంపి పూడ్చిపెట్టారు. కానీ కంచె ఇవతల నించుని చూస్తే ఏ జబ్బూ అంటదు. పైగా ఆ భయం ఉన్నచోట, ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ఉన్నచోట, ఈ కోడి ఏ ఫారంలోంచి వచ్చిందో నిజం తెలియడం ఇంకా అవసరం కదా.

మర్నాడు పొద్దున్నే ఆరు గంటలకి మా ఆయనా నేనూ స్టోర్ వెనక్కి వెళ్లాం. ప్లాస్టిక్ ట్రేల్లో తెల్లకోళ్లు దించుతున్నారు. అన్నిటికీ మొండి ముక్కులే. అడిగితే “అవి హోటల్ ఆర్డర్ అండి” అన్నారు. మరి నాటుకోళ్లు ఏవంటే చూపించలేదు.

ఇక పొట్టేలు. ఇది ముందే తట్టాల్సింది నాకు. డెల్టాలో గొర్రెల మందలు కనపడేది కోతలయ్యి చేలు ఖాళీగా ఉన్నప్పుడు. ఎరువు కోసం రైతులు మంద కట్టించుకునేది అప్పుడే. సార్వా (వానాకాలం వరి) ఊడ్పులై చేలన్నీ నీళ్లతో నిండి ఉన్న రోజుల్లో ‘మా పొలంలో మేసిన పొట్టేలు’ ఎక్కడ మేసినట్టు? గట్ల మీద గడ్డి ఎన్నిటికి సరిపోతుంది? మెట్ట నుంచి తెచ్చామంటే నమ్మేదాన్ని, దానికి అభ్యంతరం కూడా లేదు. మాంసం మా కళ్ల ముందు కొట్టినది కాదు కాబట్టి మగదో ఆడదో కూడా తెలీదు. కొట్టులో వేలాడదీసి, కళ్ల ముందు కొట్టిచ్చేవాళ్ల దగ్గరే కొనడం మేలు.

కూరగాయలూ అంతే. వరద తీసి పట్టుమని రెండు వారాలు కాలేదు. గోదావరి మధ్య లంకల్లో పాదులు, వంగతోటలు మునిగి కుళ్లిపోయి రైతులు ఏడుస్తుంటే వీళ్ల కవర్ మీద ‘లంక వంకాయ’ అని స్టిక్కర్. మునగని మెరక తోట ఏదో ఉందేమో అనుకుందామన్నా, అదే కవర్లో ‘మా తోట క్యారెట్’ ఉంది. వానాకాలంలో గోదావరి ఒండ్రులో క్యారెట్ పండిందంటే ఎవరు నమ్ముతారు?

డబ్బు అడిగాను. మిగిలిన 1,500, ఈ సరుకు 1,900, మొత్తం 3,400. “డబ్బు ఇవ్వమండి, కావాలంటే బదులు సరుకు పంపుతాం” అన్నారు. బిల్లు అడిగితే వాట్సాప్ మెసేజే బిల్లు అన్నారు. తిండి వస్తువులు అమ్మేవాళ్ల బిల్లు మీద ఆహార భద్రత సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) ఇచ్చే పద్నాలుగు అంకెల నంబరు ఉండాలని 2022 జనవరి నుంచి నిబంధన ఉంది. నేను డబ్బు కట్టేముందే అది అడగాల్సింది. మీరు అడగండి. ఆర్గానిక్ అని రాస్తే, సర్టిఫికెట్ ఉన్న ఆర్గానిక్ సరుకు మీద వేసే జైవిక్ భారత్ గుర్తు ఉందో లేదో చూడండి. తన పంట తనే నేరుగా అమ్ముకునే చిన్న రైతుకి ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు, అతన్ని ఇబ్బంది పెట్టకండి. నలుగురి దగ్గర కొని, తెచ్చి, పేరు మార్చి అమ్మే స్టోర్‌ని మాత్రం అడగండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేశాను, నంబరు ఇచ్చారు. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. అయిదు లక్షల లోపు కేసుకి ఫీజు లేదు. అందుకని ఆ విరిగిన ఎముక, ఈకల మొదళ్లు, స్టిక్కర్లు, ట్రేల్లో కోళ్లు అన్నీ ఫోటోలు తీసి పెట్టుకున్నాను. మీకూ ఇలాంటిది జరిగితే వండకముందే ఫోటో తీయండి. మేం సగం వండేశాక తీశాం.

నేను చేర్పించిన ఇద్దరి ఇళ్లకీ వెళ్లి జరిగింది చెప్పాను. ఒకావిడ ఇంకా నాలుగు వేలు అక్కడే ఉంచారు. ఆవిడ డబ్బు కోసం కూడా రేపు మళ్లీ వెళ్తున్నాం. ఈ ఆదివారానికి అత్తయ్యగారు తెలిసినవాళ్ల పెరట్లోంచి ఒక పెట్టని బతికుండగానే తెప్పించారు. ముందు ముక్కు చూశారు, తర్వాత కాళ్లు తిరగేసి చూశారు, అప్పుడు డబ్బిచ్చారు.