ఇనుప వైసా, వడ్రంగి వైసా?

ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పని నేర్చుకుంటున్న మా బావమరిది ఇనుప బెంచ్ వైస్, అంటే పనిముక్కను రెండు దవడల మధ్య బిగించి పట్టే బల్ల సాధనం, కొంటానన్నాడు. వద్దన్నాను. దాని దవడలకు గళ్లగళ్లుగా గరుకు తేలిన గట్టి ఉక్కు పలకలుంటాయి. ఇనుప కడ్డీని కదలనివ్వని ఆ పట్టే గరిటెలకు వాడే నర్ది, కలివి చెక్కల మీద గాట్లు దించుతుంది. నేనొకసారి టేకు ముక్కను అలాగే బిగించి, ఆ గాట్లు పోవడానికి పూటంతా చిత్రిక పట్టాను.

వడ్రంగి వైస్ దవడలు వెడల్పుగా, నునుపుగా ఉంటాయి. లోపల చెక్క పలకలు తొడుక్కోవచ్చు. పై అంచు బల్లతో సమంగా ఉంటుంది కనుక చిత్రికకు అడ్డురాదు.

ఆకురాయి పట్టాలన్నా, ఇనుము కోయాలన్నా మాత్రం ఇనుప వైసే. దవడల పై అంచు మోచేతి ఎత్తులో ఉండాలి. కోసే గీత దవడకు దగ్గరగా ఉంటే కడ్డీ అదరదు.

ఒక్కటే కొనగలిగితే? ఇంటి చిల్లర పనులకు 100 మిల్లీమీటర్ల ఇనుప వైస్ తీసుకుని, దవడలకు అల్యూమినియం రేకు వంచి తొడగండి. వంపు తిరిగిన గరిటె తల ఎందులోనూ కుదురుగా కూర్చోదు, కాడనే బిగించాలి. బావమరిది చివరికి వడ్రంగి వైసే తెచ్చాడు. బిగువు చాలలేదని పిడిమీద సుత్తితో కొట్టడం మాత్రం ఇంకా మానలేదు.