నిమ్మ మొక్కలు కొంటున్నారా? ముందు కవర్లో మట్టి చూడండి

నెల్లూరు జిల్లా పొదలకూరు, చేజర్ల వైపు ఈసారి నిమ్మ పెట్టాలనుకునేవాళ్లకు ఒక మాట. నేను మొక్కను చూసి కొన్నా, మట్టిని చూడలేదు. ఇప్పుడు ఎకరన్నర తోటలో తుంగ అనే మొండి కలుపుతో కుస్తీ పడుతున్నా.

పోయినేడు సెప్టెంబరులో దగ్గర్లోని ఒక నర్సరీ నుంచి బాలాజీ రకం అని 175 మొక్కలు తెచ్చా, ఒక్కోటి 70 రూపాయలు. మొక్కలు ఏపుగానే ఉన్నాయి, అబద్ధం చెప్పకూడదు. కాకపోతే చాలా కవర్లలో నిగనిగలాడే గడ్డి పోచలు నాలుగైదు ఉన్నాయి. అడిగితే నర్సరీ ఆయన నవ్వేశాడు. "గడ్డే కదన్నా, పీకి పారేస్తే పోలా!" నేనూ పైపైన పీకేసి నాటించేశా.

అక్టోబరు వానలు పడ్డాయో లేదో, పాదుల్లో మొక్క చుట్టూ గుండ్రంగా తుంగ లేచింది. మా చేను అంతకుముందు మినుము వేసిన నేల, తుంగ ఎరగదు. అనుమానం వచ్చి, నాటకుండా మిగిలిన కవరు ఒకటి బ్లేడుతో కోశా. నిమ్మ వేళ్ల మధ్య శనగగింజంత నల్లటి గడ్డలు, సన్నటి దారాలతో ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. పదకొండు లెక్కపెట్టా. ఒకటి గిల్లితే మూలికల కొట్టు వాసన. ఈ గడ్డల్నే తుంగముస్తలంటారు, వైద్యులకు పనికొస్తాయేమో గానీ, నాకు మాత్రం కూలీ ఖర్చే మిగిలింది.

ఆ మీద నేను చేసిన తెలివితక్కువ పని ఇంకొకటి. సాళ్ల మధ్య రోటవేటర్ తిప్పించా. గడ్డల్ని కలిపే దారాల గొలుసు తెగి, ఏ గడ్డకు ఆ గడ్డ విడిగా మొలిచింది. లోతుగా తవ్విద్దామంటే నిమ్మ వేళ్లు పైపైనే ఉంటాయి. గ్లైఫోసేట్ కలుపుమందు కొడదామంటే లేత మొక్క పచ్చి కాండం మీద పడితే మొక్కకే ముప్పు. ఖాళీ నేలైతే ఎండాకాలం దున్ని గడ్డల్ని ఎండకు మాడ్చేవాణ్ణి, మొక్కలు పెట్టాక ఎక్కడ దున్నేది?

నర్సరీ ఆయన ఇప్పుడు ఫోన్ ఎత్తడు. బిల్లు అడగకపోవడం నా తప్పే.

మీరు వెళ్లినప్పుడు నాలుగైదు కవర్లు మీరే ఏరి, కోయించి చూడండి. కోయనివ్వకపోతే వచ్చేయండి. గడ్డి పూత మీద ఉంటే కాడను చేతివేళ్ల మధ్య దొర్లించండి, తుంగైతే మూడు అంచులు తగులుతాయి. పోచలేమీ లేవని ధీమా పడొద్దు, బండి ఎక్కించే ముందురోజే పీకేసి ఉండొచ్చు.