సర్వర్ అసలుదేనా? హోస్ట్ కీ, డీఎన్‌ఎస్ రికార్డు, సర్టిఫికెట్: ఏది మేలు?

ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలో ఉన్న సర్వర్‌లోకి భద్రంగా వెళ్లే పద్ధతి) లాగిన్ అనగానే మనం ఎవరమో సర్వర్‌కి ఎలా నిరూపించుకోవాలన్న చర్చే ఎక్కువగా వినిపిస్తుంది. పాస్‌వర్డ్ వాడాలా కీ వాడాలా, ఓటీపీ కూడా పెట్టాలా అని గంటలు గంటలు వాదించుకుంటాం. కానీ మనకంటే ముందు సర్వర్ తానెవరో నిరూపించుకోవాలి. ఆ పని సరిగ్గా జరగకపోతే మనం ఎంత గట్టి పాస్‌వర్డ్ పెట్టుకున్నా దాన్ని తీసుకెళ్లి దొంగ చేతిలో పెట్టినట్టే. ఇంత ముఖ్యమైన విషయం తెర మీద రెండు మూడు లైన్లలో కనిపిస్తుంది, 'యెస్' అని కొట్టగానే పోతుంది. ఈ హోస్ట్ అసలుదో కాదో తేల్చలేకపోతున్నాను, దాని కీ ఫింగర్‌ప్రింట్ ఇది, ముందుకెళ్లమంటారా అని మన వైపు నడిచే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్, అంటే క్లయింట్, అడుగుతుంది. ఫింగర్‌ప్రింట్ అంటే కీ నుంచి లెక్కగట్టిన చిన్న గుర్తు. చాలామంది ఆ ఫింగర్‌ప్రింట్ వంక కూడా చూడరు.

లోపల జరిగేది ఇది. ప్రతి సర్వర్‌కీ (హోస్ట్ అన్నా అదే) ఒక హోస్ట్ కీ జత ఉంటుంది: అందరికీ చూపించే పబ్లిక్ కీ, దాచుకునే ప్రైవేట్ కీ. అందులో ప్రైవేట్ భాగం సర్వర్‌లోనే, రూట్ యూజర్‌కి (పూర్తి అధికారం ఉన్న ఖాతాకి) తప్ప ఎవరికీ కనపడకుండా ఉంటుంది. కనెక్షన్ మొదలవగానే రెండు వైపులా కలిసి ఒక రహస్యాన్ని తయారుచేసుకుంటాయి. అప్పటిదాకా ఇచ్చిపుచ్చుకున్న వివరాలన్నిటినీ ఆ రహస్యంతో కలిపి హాష్ చేస్తే (ఒక చిన్న గుర్తుగా కుదిస్తే) వచ్చిన దాని మీద సర్వర్ తన ప్రైవేట్ కీతో సంతకం పెడుతుంది. నిన్నటి సంతకం ఇవాళ పనికిరాదు, వేరే కనెక్షన్‌లోది ఇక్కడ చెల్లదు. ఇంతవరకూ గణితం గట్టిదే. అయితే ఆ సంతకం చెప్పేది ఒక్కటే: ఈ పబ్లిక్ కీకి జతగా ఉన్న ప్రైవేట్ కీ నా దగ్గరుంది. ఆ పబ్లిక్ కీ మనం వెళ్లాలనుకున్న సర్వర్‌దేనా అన్నది అది చెప్పదు. ఆ సందేహం తీర్చడానికి మూడు దారులున్నాయి. వాటిని నేను రెండు సందర్భాల్లో పెట్టి చూస్తాను: మొదటిసారి కనెక్టయ్యే రోజు, కీ మారిన రోజు. మామూలు రోజుల్లో మూడూ ఒకలాగే పనిచేస్తాయి.

మొదటిసారి నమ్మేసి గుర్తుపెట్టుకోవడం

అందరికీ తెలిసిన పద్ధతి ఇదే. మొదటిసారి వచ్చిన కీని నోన్ హోస్ట్స్ ఫైల్‌లో రాసుకుంటాం, తర్వాత ప్రతిసారీ దానితో పోల్చి చూస్తాం. 1995లో హెల్సింకీ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌లు దొంగిలించారని తేలాక టాటూ ఇలోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. ప్రపంచంలో ఉన్న సర్వర్లన్నిటికీ సర్టిఫికెట్ ఇచ్చే వ్యవస్థ వచ్చేదాకా ఆగుదామనుకుని ఉంటే ఎస్‌ఎస్‌హెచ్ ఇంత త్వరగా పాకేది కాదు. అందుకే ఈ రాజీని నేను తప్పుపట్టను. 2006లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4251 (ఎస్‌ఎస్‌హెచ్ ప్రమాణ పత్రం) కూడా దీన్ని దాచకుండా రాసింది: మొదటిసారి సరిచూసుకోకపోతే మధ్యలో చొరబడేవాడికి అవకాశం ఉంటుందని.

ఆ చొరబడేవాడు సరిగ్గా మొదటి రోజే ఉంటే వాడి కీనే మనం రాసిపెట్టుకుంటాం. పాస్‌వర్డ్‌తో లాగిన్ అయితే ఆ పాస్‌వర్డ్ వాడికి చేరినట్టే. పబ్లిక్ కీతో లాగిన్ అయితే కొంత నయం. మన సంతకం ఆ సెషన్‌కే కట్టుబడి ఉంటుంది కాబట్టి దాన్ని అసలు సర్వర్ దగ్గరికి తీసుకెళ్లి చూపించలేడు. అయినా తన మెషీన్‌నే అసలు సర్వర్‌లా చూపించి, మనం కొట్టే కమాండ్లూ ఎక్కించే ఫైళ్లూ పట్టుకోగలడు. ఏజెంట్ ఫార్వర్డింగ్ (మన కీలని ఆ సర్వర్ నుంచి కూడా వాడుకోనిచ్చే సదుపాయం) ఆన్‌లో ఉంటే ఆ కాసేపూ మన కీలతో వేరే సర్వర్లలోకీ వెళ్లగలడు.

దీనికి మందు సులువైనదే. ఫింగర్‌ప్రింట్‌ని వేరే దారిలో తెచ్చుకోవాలి. క్లౌడ్ మెషీన్ అయితే మొదటిసారి బూటయినప్పుడు హోస్ట్ కీల ఫింగర్‌ప్రింట్లు చాలావరకు కన్సోల్ లాగ్‌లో కనిపిస్తాయి. సొంత మెషీన్ అయితే దాని ముందు కూర్చుని ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ కమాండ్‌తో చూసుకోవచ్చు. ఇప్పటి ఫింగర్‌ప్రింట్‌లో ముందు ఎస్‌హెచ్‌ఏ256 అని ఉండి, ఆ తర్వాత 43 అక్షరాలుంటాయి. వాటిని కంటితో పోల్చేవాళ్లు మొదటి నాలుగూ చివరి నాలుగూ చూసి వదిలేస్తారు. అసలు కంటితో పోల్చాల్సిన పనే లేదు. ఎక్కువమంది వాడే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో, 2019లో వచ్చిన 8.0 వెర్షన్ నుంచి ఆ ప్రశ్నకి 'యెస్' బదులు ఫింగర్‌ప్రింట్‌నే పేస్ట్ చేయొచ్చు. సరిపోతేనే ముందుకెళ్తుంది, లేకపోతే ప్రశ్న మళ్లీ అడుగుతుంది. ఇంత మంచి సదుపాయం వాడేవాళ్లు ఇంత తక్కువగా ఉండటం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

కీ మారిన రోజు మాత్రం ఈ పద్ధతి బాగా బలహీనపడుతుంది. హోస్ట్ గుర్తింపు మారిపోయిందని పెద్ద హెచ్చరిక వస్తుంది. చాలాసార్లు కారణం మామూలుదే, సర్వర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసి ఉంటారు లేదా అదే ఐపీ అడ్రస్ కొత్త మెషీన్‌కి వచ్చి ఉంటుంది. అలా నాలుగుసార్లు ఉత్తదే అని తేలాక, ఐదోసారి పాత లైన్ తీసేసి వెళ్లిపోవడం అలవాటైపోతుంది. 2023 మార్చి 24న కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్ తన ఆర్‌ఎస్‌ఏ రకం హోస్ట్ కీని మార్చింది, దాని ప్రైవేట్ కీ కాసేపు ఒక పబ్లిక్ రిపాజిటరీలో బయటపడిందని. ఆ కీ మీద ఆధారపడ్డవాళ్లందరికీ అదే హెచ్చరిక ఎదురైంది. ఈడీ25519, ఈసీడీఎస్‌ఏ అనే వేరే రకాల కీలు వాడేవాళ్లకి ఏమీ తెలియలేదు. కొత్త ఫింగర్‌ప్రింట్‌ని గిట్‌హబ్ ప్రకటించింది, కానీ దాన్ని చూసి పోల్చుకునే బాధ్యత ప్రతి మనిషి మీదా విడివిడిగా పడింది. ఈ పద్ధతిలో ఉన్న అసలు లోపం అదే.

ముందే అనుకుని మార్చేటప్పుడు ఇంత టెన్షన్ అక్కర్లేదు. సర్వర్‌లో పాత కీ పక్కనే కొత్తదాన్నీ కొన్నాళ్లు ఉంచితే, లాగిన్ అయ్యాక క్లయింట్ దాన్ని తానే నేర్చుకుంటుంది. 2021లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.5 వెర్షన్ నుంచి మామూలు సెట్టింగుల్లో ఇది ఆన్‌లోనే ఉంటుంది.

డీఎన్‌ఎస్‌లో రాసిపెట్టడం

ఫింగర్‌ప్రింట్‌ని ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌పీ రికార్డుగా డీఎన్‌ఎస్‌లో (సర్వర్ పేరుకి ఐపీ అడ్రస్ చెప్పే వ్యవస్థలో) పెడితే, ఆ సెట్టింగ్ ఆన్ చేసుకున్న క్లయింట్ అక్కడ చూసుకుంటుంది. ఇది కూడా 2006 నాటిదే, ఆర్‌ఎఫ్‌సీ 4255. కాగితం మీద చూస్తే రెండు సందర్భాల్లోనూ నెగ్గేది ఇదే. మొదటి రోజు ప్రశ్న రాదు, కీ మారితే రికార్డు మారిస్తే చాలు.

చిక్కంతా డీఎన్‌ఎస్‌సెక్ (డీఎన్‌ఎస్ జవాబుల మీద సంతకం పెట్టే ఏర్పాటు) దగ్గరుంది. అది లేకపోతే, మన కనెక్షన్ మధ్యలో దూరగలిగినవాడు డీఎన్‌ఎస్ జవాబునీ మార్చగలడు. డొమైన్‌కి డీఎన్‌ఎస్‌సెక్ పెట్టినా పని పూర్తి కాదు. సంతకాలు సరిచూసేది రిజాల్వర్ (మన తరఫున డీఎన్‌ఎస్‌ని అడిగే ప్రోగ్రామ్), 'సరిచూశాను' అని అది పెట్టే ఒక్క బిట్‌ని ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ నమ్ముతుంది. ఆ రిజాల్వర్ మన ల్యాప్‌టాప్‌లోనే ఉంటే సరే. బయటి వైఫై ఇచ్చిన రిజాల్వర్ మాటని నమ్మితే మొదటికే మోసం. పైగా డీఎన్‌ఎస్ ఖాతా ఎవరి చేతిలో ఉంటే సర్వర్ల గుర్తింపు కూడా వాళ్ల చేతిలోకే వెళ్తుంది. ఐపీ అడ్రస్‌తో కనెక్టయ్యేవాళ్లకి ఇది ఎలాగూ ఉపయోగపడదు.

హోస్ట్ సర్టిఫికెట్

ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో ఇది 2010లో, 5.4 వెర్షన్‌తో వచ్చింది. ఒక సీఏ (సర్టిఫికెట్లు జారీచేసే అథారిటీ) కీ తయారుచేసుకుని, దానితో ప్రతి సర్వర్ పబ్లిక్ కీ మీదా సంతకం పెడతాం. అందులో సర్వర్ పేరూ గడువూ ఉంటాయి. క్లయింట్ వైపు నోన్ హోస్ట్స్ ఫైల్‌లో ఒకే లైన్ చాలు: ఈ డొమైన్ కింద ఉన్న సర్వర్లకి ఈ సీఏ సంతకం ఉంటే నమ్ము. వెబ్‌సైట్లకి వాడే ఎక్స్.509 సర్టిఫికెట్లతో దీనికి సంబంధం లేదు. మధ్యంతర సీఏల గొలుసులు లేని చిన్న ఫార్మాట్ ఇది. నాకు దీనిలో బాగా నచ్చేది ఆ సాదాతనమే.

మొదటి రోజు ఏ ప్రశ్నా రాదు. కీ మారిన రోజు కొత్త కీ మీద సంతకం పెట్టి సర్వర్‌లో ఉంచితే ఎవరికీ హెచ్చరిక కనపడదు. దీనివల్ల ఇంకో పెద్ద లాభం ఉంది. ఎప్పుడూ రాని హెచ్చరిక ఒకరోజు వస్తే అందరూ ఆగి చూస్తారు.

పట్టించుకోవాల్సినవి రెండు మూడున్నాయి. సంతకం పెట్టేటప్పుడు ఇది హోస్ట్ సర్టిఫికెట్ అని చెప్పే చిన్న 'హెచ్' ఆప్షన్ మరిచిపోతే యూజర్ సర్టిఫికెట్ తయారవుతుంది, అది సర్వర్ గుర్తింపుకి పనికిరాదు. సర్వర్ పేరు తప్పకుండా రాయాలి, లేకపోతే వెబ్ సర్వర్ కీ దొంగిలించినవాడు డేటాబేస్ సర్వర్‌గా చెలామణీ అయ్యే ప్రమాదం ఉంది. గడువు విషయం ఇంకా ముఖ్యం. గడువు తీరితే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ ఆ సర్టిఫికెట్‌ని పక్కనపెట్టి మామూలు కీ పద్ధతికి దిగుతుంది. మళ్లీ అదే పాత ప్రశ్న, మళ్లీ అదే 'యెస్'. అందుకే సర్టిఫికెట్లు పెట్టిన చోట స్ట్రిక్ట్ హోస్ట్ కీ చెకింగ్ అనే క్లయింట్ సెట్టింగ్‌ని 'యెస్'లో ఉంచాలి, అప్పుడు ప్రశ్న అడగకుండా కనెక్షన్ ఆపేస్తుంది. గడువుకి ముందే కొత్త సంతకం దానంతటదే పడే ఏర్పాటు కూడా ఉండాలి. ఇక సీఏ ప్రైవేట్ కీ పోతే అన్నీ పోయినట్టే కాబట్టి దాన్ని రోజూ వాడే మెషీన్‌లో పెట్టకూడదు.

కీయే చెడ్డదైతే మాత్రం ఈ మూడింటిలో ఏదీ కాపాడదు. 2008లో డెబియన్ లినక్స్‌లో కీలు తయారుచేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ లోపం బయటపడ్డప్పుడు, ఒక్కో రకానికి 32,768 కీలకి మించి పుట్టే వీలే లేదని తేలింది. వాటన్నిటినీ ముందే తయారుచేసి పెట్టుకోవచ్చు. ఒకే వర్చువల్ మెషీన్ ఇమేజ్‌ని కాపీ చేసి వందచోట్ల పెట్టినా ఇలాంటి ముప్పే, అన్నిటికీ ఒకే హోస్ట్ కీ ఉంటుంది. ఇమేజ్ తీసేముందు హోస్ట్ కీలు తుడిచేయాలి.

ఇక ఎవరికి ఏది? ఒకరిద్దరు వాడే నాలుగైదు సర్వర్లకి మొదటి పద్ధతి చాలు, ఫింగర్‌ప్రింట్ పేస్ట్ చేయాలన్న షరతు మీద. సర్వర్లు వస్తూ పోతూ ఉండే టీమ్‌కి సర్టిఫికెట్లే మేలు, ఇందులో నాకు ఊగిసలాట లేదు. ఊరూపేరూ తెలియనివాళ్లు కనెక్టయ్యే పబ్లిక్ గిట్ సర్వర్ లాంటి దానికి డీఎన్‌ఎస్ రికార్డు పనికొస్తుంది, ఎందుకంటే వాళ్ల మెషీన్లలో మన సీఏ లైన్ పెట్టే మార్గం మనకి లేదు. దానికి తోడు ఫింగర్‌ప్రింట్లని వెబ్‌సైట్‌లో కూడా ప్రకటించాలి.

మనిషి లేకుండా నడిచే స్క్రిప్టుల విషయంలో ఇంకాస్త కఠినంగా ఉండాలి. ప్రతి బిల్డ్‌లోనూ (కోడ్‌ని దానంతటదే తయారుచేసే పనిలో) ఎస్‌ఎస్‌హెచ్-కీస్కాన్ (సర్వర్‌నే దాని కీ అడిగి తెచ్చే కమాండ్) నడిపి, వచ్చిన కీని నోన్ హోస్ట్స్‌లో రాసేయడం చాలా చోట్ల కనిపిస్తుంది. ఎవరిని అనుమానించాలో వాళ్లనే అడిగి రాసుకోవడం అది. ప్రతి బిల్డూ మొదటి రోజే అవుతుంది. హోస్ట్ చెకింగ్‌ని పూర్తిగా 'నో' చేయడానికీ దీనికీ పెద్ద తేడా లేదు. ఒకసారి సరిచూసిన హోస్ట్ కీ లైన్‌ని గానీ సీఏ లైన్‌ని గానీ బిల్డ్ సెట్టింగుల్లోనే పెట్టేయండి. అదీ కుదరకపోతే, ఒకే మెషీన్ మీద నడిచే స్క్రిప్టులకి కనీసం 2017లో 7.6 వెర్షన్‌తో వచ్చిన 'యాక్సెప్ట్-న్యూ'ని ఆ చెకింగ్ సెట్టింగ్‌లో వాడండి. కొత్త కీని రాసుకుంటుంది, మారిన కీ ఎదురైతే కనెక్షన్‌ని ఆపేస్తుంది.